మామ కూర్చున్న గంటలు

మామ పోయి ఏడాదయింది. సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక అత్తమ్మ అటక మీదున్న రేకుపెట్టె దింపించి నా ముందు పెట్టింది. “ఇందుల నాకు పనికొచ్చేది ఏం లేదు కొడుకా. పారేద్దామంటె చెయ్యి వస్తలేదు. నువ్వన్న తీస్కపో” అన్నది.

మూత తీయగానే కిరసనాయిలు వాసన. మామ వాసన అదే. చిన్నప్పుడు ఆయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుంటే నా మెడ వెనుక నుంచి వచ్చేది. బీడీ, కిరసనాయిలు, ఎనామిల్ రంగు మూడూ కలిసిన వాసన. పెట్టెలో పాత ధోతిగుడ్డలో చుట్టిన కుంచెలున్నాయి. లెక్కపెడితే పదిహేడు. కొన్ని సుద్దముక్కలు, ఒక నూలుదారం ఉండ, అంచులు అరిగిన చెక్క స్కేలు. అన్నిటికీ అడుగున, గోనెగుడ్డ అట్ట వేసిన మందపాటి నోట్‌బుక్కు.

మా మామది నల్లగొండలో బోర్డులు రాసే పని. నేను బడికి పోయే రోజుల్లో, అంటే 1980ల మొదట్లో, గడియార స్తంభం దగ్గర నిలబడి చుట్టూ చూస్తే కనిపించే అక్షరాల్లో సగం మామవే. ప్రకాశం బజారులో బట్టల దుకాణాలు, కిరాణాలు, డాక్టర్ల పేర్లు, బడిగోడల మీద సూక్తులు, లారీల వెనుక పూలతీగలు. ఎన్నికలొస్తే గోడలన్నీ ఆయనవే, రాత్రింబవళ్లు. నాకు అక్షరాలు దిద్దించింది పంతులైనా, చదవడం మాత్రం మామ బోర్డుల మీదే నేర్చుకున్నాను. అందుకే నాకు ఇప్పటికీ ‘క’ అంటే పసుపురంగు, ‘వ’ అంటే ఎరుపు.

బోర్డు రాయడం ఎంత పనో పక్కన కూర్చుని చూసినవాళ్లకే తెలుస్తుంది. ముందు రేకుకు రెండు పూతల రంగు. అది ఆరాక నూలుదారానికి సుద్ద రాసి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకొని, దారాన్ని మధ్యలో లాగి వదిలేవాడు. టప్‌మని చిన్న చప్పుడు, రేకు మీద వెంట్రుకంత తెల్లగీత. కొసను కదలకుండా పట్టుకోవడం నా ఉద్యోగం. రోజుకు చారాణా జీతం. గీతల మధ్య సుద్దతో అక్షరాల రూపు గీసుకొని, ఎడమచేత్తో ఒక సన్నకర్రను బోర్డుకు ఆనించి, కుడి మణికట్టును ఆ కర్ర మీద మోపి అప్పుడు కుంచె పట్టేవాడు. గుండ్రాలన్నీ ముందు, తలకట్లన్నీ ఆఖరున. “తలకట్టు వెట్టినంక అక్షరం లేస్తది జూడు” అనేవాడు. నిజంగానే లేచేది. అప్పటిదాకా పడుకున్న వరుస మొత్తం ఒక్కసారి లేచి నిలబడ్డట్టుండేది.

ఆయన ‘శ్రీ’ని ఎక్కడున్నా గుర్తుపట్టేవాణ్ణి. కింద చుట్టే క్రావడిని ఎడమ నుంచి లోతుగా తిప్పి, చివర గడ్డిపోచలా పైకి లేపి, ఆ కొసన కుంచె మొనతో ఒక్క చుక్క పెట్టేవాడు. చుక్క ఎందుకు మామా అని అడిగితే, “నేను రాసిన అని నాకెరుక గావాలె గద” అన్నాడు. పేరు రాసుకునే అలవాటు లేదు. ఆ చుక్కే ఆయన సంతకం.

ఉర్దూ సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లో అప్పుడు చాలా బోర్డులు మూడు భాషల్లో ఉండేవి. మామకు ఉర్దూ రాదు. పక్క గల్లీలో ఉండే ముసలి సాహెబ్ కాగితం మీద రాసిస్తే బొమ్మ దింపినట్టు దింపేవాడు. ఒకసారి నుక్తా, అంటే అక్షరానికి పెట్టే చుక్క, ఒకటి తప్పుచోట పడి మాటే మారిపోయింది. సాహెబ్ కోప్పడలేదు, తన చేత్తోనే చూపించి దిద్దించాడు. మర్నాటి నుంచి మామ ఒక పలక కొనుక్కొని రోజూ పొద్దుగూకాక ఆయన అరుగు మీద కూర్చుని అలిఫ్, బే నేర్చుకున్నాడు. అప్పటికి ఆయనకు ముప్పై దాటాయి. బతుకుతెరువుకు అంత అవసరం లేదు, దింపడం వస్తే చాలు. కానీ తను రాస్తున్నది ఏమిటో తనకు తెలియకుండా రాయడం ఆయనకు మనసొప్పలేదు.

ఆదివారాలు మాత్రం బోర్డుల జోలికి పోయేవాడు కాదు. పొద్దున్నే నన్ను సైకిలెక్కించుకొని పానగల్లు పోయేవాడు. నల్లగొండకు ఆనుకునే ఉంటుంది పానగల్లు. కందూరు చోడులు 11, 12 శతాబ్దాల్లో రాజధానిగా చేసుకొని ఏలిన ఊరు. ఉదయ సముద్రం కట్ట మీద కాసేపు ఆగి, మామ ఒక బీడీ కాల్చి, తర్వాత పచ్చల సోమేశ్వరాలయానికి. నాకు ఆ కట్టా, నీళ్ల మీద కొంగలూ ఇష్టం. గుడి ఇష్టం లేదు. ఎందుకంటే గుళ్లోకి వెళ్తే మామ కదలడు. ఒక రాయి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే రెండు గంటలు.

“మామా, అన్నీ చూస్తివి గద, పోదాం పా.”

“యాడ జూసిన? గిప్పుడే గద కూసున్న. నిమ్మళంగ జూడు అల్లుడా. ఉరుకులాడితె రాయి మాట్లాడదు.”

నాకేమీ వినిపించేది కాదు. నల్లరాతి గోడ మీద రామాయణం, భారతం కథలు చిన్నచిన్న బొమ్మలుగా చెక్కి ఉంటాయి. పేర్లు మామే చెప్పేవాడు. మామ మోకాళ్ల మీద నోట్‌బుక్కు పెట్టుకొని, పెన్సిలు తీసి, ఒక్క బొమ్మ మొదలుపెట్టేవాడు. నేను ఎండలో తొండల వెంట పడేవాణ్ణి.

ఆ నోట్‌బుక్కే ఇప్పుడు నా ఒళ్లో ఉంది.

అరవై ఒక్క బొమ్మలున్నాయి. ఎక్కడా ఊరిపేరు లేదు, బొమ్మపేరు లేదు. ప్రతి పేజీ కింద కుడిమూల తేదీ, దాని పక్కన కూర్చున్న సమయం. ‘2 గం. 10 ని.’, ‘3 గం.’, ఒక్కచోట ‘40 ని. వాన.’ ఆ రాత్రి అత్తమ్మ వాళ్ల వరండాలో కూర్చుని కూడాను. నూట పన్నెండు గంటలు. ఎందుకు రాసుకున్నాడో అత్తమ్మకూ తెలియదు. “ఆయనకేం పిచ్చో” అని కొంగు కళ్లకద్దుకుంది.

నాకు అర్థమైనట్టే అనిపించింది. బోర్డుకు అడుగుల లెక్కన డబ్బులు తీసుకునేవాడు. ఎంత సేపు పట్టింది అన్నది ఎవరూ అడగరు, ఎవరికీ పట్టదు. ఈ గంటలు ఒక్కటే ఆయన తనకోసం ఖర్చుపెట్టుకున్నవి. అందుకే పైసాపైసా రాసుకున్నట్టు రాసుకున్నాడు.

నేను హైదరాబాదులో ఇరవై తొమ్మిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. హంపీ చూశాను, ఎల్లోరా చూశాను, పిల్లలతో తంజావూరు కూడా పోయొచ్చాం. నా ఫోన్లో పదకొండు వేల ఫొటోలున్నాయి. ఏ ఒక్క రాతి ముందైనా పది నిమిషాలు కూర్చున్నానా అని ఆ రాత్రి వెతుక్కున్నాను. లేదు. అంతటా పోయాను, ఎక్కడా ఉండలేదు. యాభై మూడేళ్లు వచ్చాక ఈ మాట ఒప్పుకోవడానికి గొంతు పట్టేసింది. ఎంత సంపాదించాం, ఏమేం చూశాం అని లెక్కలు వేసుకుంటాం గానీ, చేతిలో ఉన్న పూటలో మనిషి మొత్తంగా ఎన్నిసార్లు ఉన్నాడన్నదే అసలు బతికిన లెక్క అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తున్నది. మామకు అట్లాంటి గంటలు కాగితం మీదే నూట పన్నెండు. కాగితానికెక్కనివి ఎన్నో.

మర్నాడు పొద్దున బజారుకు పోయాను, మామ అక్షరం ఒక్కటైనా మిగిలిందేమో చూద్దామని. గడియారం నుంచి ప్రకాశం బజారు దాకా, అక్కడి నుంచి రామగిరి దాకా కాలినడకన తిరిగాను. అంతా ఫ్లెక్సీలు, లోపల లైట్లున్న ప్లాస్టిక్ అక్షరాలు. ఫ్లెక్సీలు వచ్చిన కొత్తలో మామ ఏమీ అనలేదు. ఒక దుకాణపాయన పాత రేకుబోర్డు దింపి పాతసామాను వాడికి అమ్ముతుంటే ఆ రేటుకే మామ కొనుక్కొని, ఇంటి వెనుక కోళ్లగూటికి కప్పుగా వేసుకున్నాడు. ఆ గూడు కూడా ఇప్పుడు లేదు. ఊరంతా రాసిన మనిషిది ఊళ్లో ఒక్క అక్షరం దొరకలేదు. మధ్యాహ్నం దాకా తిరిగి ఒక హోటల్ ముందు కూలబడ్డాను. అప్పుడే అనుకున్నాను, ఈ నోట్‌బుక్కు పట్టుకొని ఆయన కూర్చున్న చోట్లన్నీ కూర్చోవాలని.

మొదటి ఆదివారం పానగల్లు. పచ్చల సోమేశ్వరాలయం పక్కనే ఇప్పుడు మ్యూజియం ఉంది, జిల్లాలో అక్కడక్కడా దొరికిన శిల్పాలు పెట్టారు. నోట్‌బుక్కులో పన్నెండో పేజీ బొమ్మ వెతుక్కోవడానికే గంట పట్టింది. ఒక మద్దెలగాడు, అరచెయ్యి కంటే కొంచెం పెద్ద బొమ్మ. అక్కడ నేను వందసార్లు తిరిగి ఉంటాను, ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా కూర్చున్నాను. మామ రాసుకున్నది గంటా యాభై నిమిషాలు. మొదటి పావుగంట ఫోన్ కోసం చెయ్యి జేబు మీదికే పోయింది. తర్వాత కళ్లు అలవాటుపడ్డాయి. మద్దెలగాడి ఎడమచెయ్యి దెబ్బ వెయ్యడానికి లేచి ఉంది, కుడిచెయ్యి తోలు మీద ఆగి ఉంది. మెడ పక్కకు వాలింది. ఎవరినో చూస్తున్నాడు. వాడి చూపు పట్టుకొని పక్కకు పోతే నాట్యగత్తె పాదం ఉంది. ఆమె అడుగు పడేదాకా వీడు దెబ్బ ఆపి పట్టుకున్నాడు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లుగా. చెక్కినవాడు తాళం తెలిసినవాడై ఉండాలి. మామ బొమ్మలో ఆ నాట్యగత్తె లేదు గానీ, ఆమె పాదం ఉండాల్సిన చోట చిన్న చుక్క ఒకటి పెట్టి ఉంది. చిన్నప్పుడు ఆయన ‘రాయి మాట్లాడదు’ అన్నది ఈ సంగతి గురించేనేమో.

ఛాయా సోమేశ్వరాలయానికి కూడా పోయాను. పొలాల నడుమ మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటం. ఒక గర్భగుడిలో లింగం వెనుక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. ఊరికి ఎవరు చుట్టాలొచ్చినా తీసుకుపోయి చూపిస్తాం. మామ మాత్రం నన్ను స్తంభాల మధ్య నిలబెట్టి, అటు జరుగు, ఇటు జరుగు అని అరగంట ఆడించాడు. “ఒక్క స్తంభం నీడ గాదురా ఇది. వెలుతురు పక్కల నుంచి వస్తుంది. స్తంభాలు దాన్ని కోస్తున్నయ్. కొయ్యంగ మిగిలిన చీకటే అది” అన్నాడు. వెలుగు వచ్చే దారులూ స్తంభాలున్న చోట్లూ కుదరడం వల్లే ఆ నీడ అట్లా నిలుస్తుందని తర్వాత భౌతికశాస్త్రం చెప్పే మాస్టార్లు నమూనాలు చేసి చూపించారు. మామ ఏడో తరగతి. చూసి తెలుసుకున్నాడు.

ఆ తర్వాత వారం పిల్లలమర్రి. సూర్యాపేటకు కొంచెం ఇవతల హైవే దిగి లోపలికి పోవాలి. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. ఎరకేశ్వరాలయం 1208 నాటిది, బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ పేరు మీద వెలిసింది. నామేశ్వరాలయంలో స్తంభాలు అద్దంలా నున్నగా ఉంటాయి, చెయ్యి వేస్తే చల్లగా జారుతుంది. అక్కడ కాకతీయుల కాలపు వర్ణచిత్రం ఒకటి, క్షీరసాగర మథనం, పైన వెలిసిపోయి మిగిలింది. రాతి మీద చెక్కినవి మనకు చాలానే ఉన్నాయి గానీ ఆ కాలపు రంగు మిగిలినవి చాలా అరుదు.

నోట్‌బుక్కులో ఆ చిత్రం ఉంది. అయితే పైకి ఎంత చూసినా పోలిక కుదరలేదు. మనుషులు తలకిందులుగా, పాము అడ్డం తిరిగి ఉన్నారు. మామ ఇంత తప్పు గీశాడా అనిపించింది. పేజీ కింద చూస్తే ‘3 గం. 20 ని.’ ఒక్క రోజులో అన్నిటికంటే ఎక్కువ సేపు కూర్చున్న బొమ్మ అది.

అప్పుడు గుర్తొచ్చింది. మామ సొంతూరు మునుగోడు దిక్కు. ఆ నీళ్లలో ఫ్లోరైడు. నలభై ఏళ్లు రాకముందే ఆయన మెడ, నడుము బిగుసుకుపోయాయి. తల పైకెత్తలేడు. నిచ్చెన ఎక్కి పెద్ద బోర్డులు రాయడం మానుకొని, కింద కూర్చుని రాసే చిన్న బోర్డులే ఒప్పుకునేవాడు. మెడ ఎత్తలేని మనిషి పైన ఉన్న బొమ్మను ఎట్లా చూసి ఉంటాడు?

గుడిలో ఎవరూ లేరు. తువ్వాల పరిచి వెల్లకిలా పడుకున్నాను. కుదరలేదు. లేచి, తల అటువైపు పెట్టి మళ్లీ పడుకున్నాను. నోట్‌బుక్కు ముఖం మీదికి ఎత్తి పట్టుకున్నాను. గీత గీతకూ సరిపోయింది. వీపు కింద రాయి చల్లగా తగులుతుంటే, మామ వీపు ఆనిన చోటే ఇదని తెలిసి కళ్లలో నుంచి నీళ్లు చెవుల్లోకి పోయాయి. అట్లాగే చాలా సేపు పడుకున్నాను. పూజారి వచ్చి, “ఏమన్న బాగలేదా సార్?” అని అడిగాడు. చిత్రం చూస్తున్నానన్నాను. ఆయన కూడా ఒకసారి పైకి చూసి, “రోజూ వస్త గానీ నేను గింత సేపు ఎన్నడూ చూడలే” అన్నాడు.

కొన్ని బొమ్మలు ఎక్కడివో తెలుసుకోవడానికి పోవలసిన పనే లేకపోయింది. ఒక పేజీలో కిన్నెర ఉంది. వెదురు బొంగు, దానికి కట్టిన సొరకాయ బుర్రలు, మెట్లు. మెట్ల పక్కన సన్నగా అంకెలు వేశాడు, ఒకటి నుంచి పన్నెండు దాకా. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన కళాకారుణ్ణి ఏ జాతరలోనో చూసి ఉంటాడు. నల్లమల అంచున లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు దేశమంతా ‘పన్నెండు మెట్ల కిన్నెర’ అన్న మాట విన్నది. మామ దాని మెట్లు లెక్కపెట్టుకున్నది 1985లో.

నోట్‌బుక్కు చివరి అట్టలో ఒక పేపరు ముక్క కూడా అంటించి ఉంది. 2014లో వచ్చిన తెలంగాణ రాజముద్ర. దాన్ని గీసిన ఏలే లక్ష్మణ్ మన కదిరేనిగూడెం నుంచి వచ్చినవాడని మామకు పట్టరాని సంతోషం. ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించాడట. సర్కారు కాగితాలన్నిటి మీదా మన జిల్లా చెయ్యే ఉంటుందని చెప్పేవాడని అత్తమ్మ అన్నది.

తెలియని పేజీలు ఇంకా తొమ్మిదో పదో మిగిలాయి. వాటిలో నన్ను వదలనిది ఒకటుంది. రెండు చేతులు, అంతే. ముఖం లేదు. పడుగు దారాల కట్టను ఎడమచేత్తో పట్టుకొని కుడిచేత్తో ముడి వేస్తున్న ఆడమనిషి చేతులు. ముంజేతికి రెండు గాజులు. ఎడమ బొటనవేలి గోరు మీద నిలువుగా ఒక గీత. పెన్సిలు జారిందేమో అనుకున్నాను. తేదీలు నాలుగున్నాయి, 1988 ఫిబ్రవరిలో వరుసగా నాలుగు రోజులు. అత్తమ్మను అడిగితే కాసేపు ఆలోచించి, “పుట్టపాక పోయొచ్చిండు ఒకసారి. నాలుగొద్దులు రాలే. నేను ఏడ్సుకుంట కూసున్న” అన్నది.

పుట్టపాక సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా అంటున్నాం గానీ నా లెక్కలో అది నల్లగొండే. మునుగోడు మీదుగా పోయాను. ఊళ్లోకి రాగానే మగ్గం చప్పుడు, అద్దకం రంగుల వాసన. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలు ఈ ఊరి పేరు మీదే భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది, 2020లో. ఒకప్పుడు చీరాల దిక్కు నేసి అరబ్బు దేశాలకు పంపేవాళ్లు. ఆ పని ఇక్కడివాళ్ల చేతుల్లో నిలబడింది. ఈ ఊరి గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మ పట్టుకొని మూడు ఇళ్లు తిరిగాక, ఒక ఇంట్లో అరవై దాటిన పెద్దాయన, ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆమె చిటికి కడుతున్నది. బిగించిన దారాల మీద గుర్తులు పెట్టుకొని, రంగు ఎక్కకూడని చోటల్లా సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీ చుట్టి ముడి వేస్తుంది. వేలు తిరగడం కనిపిస్తుంది గానీ ముడి పడడం కనిపించదు. చేటంత కట్ట మీద వందల ముడులు. తేలియాకు పడుగూ పేకా రెండూ ఇట్లాగే కట్టి అద్దాలి. మగ్గం మీద ఒక దారం వెంట్రుకవాసి జరిగినా పువ్వు చెదిరిపోతుంది.

“దానికి ముందల నూలును నానబెట్టుడే పెద్ద పని సారూ” అన్నాడాయన. “నూనె, ఆముదపు కాయల బూడిద నీళ్లు. నానేసుడు, పిసుకుడు, ఎండేసుడు. మల్ల నానేసుడు. దినాలకు దినాలు. తొందరవడ్డమా, ఎరుపు పట్టదు.” ఒక రుమాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎరుపు, నలుపు, తెలుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా నూనె వాసన. తాతల నాటి నమూనాల్లో ఏనుగులు, సింహాలే కాకుండా గడియారాలు, విమానాలు కూడా ఉండేవట. ఆకాశంలో కొత్తగా ఏది కనబడితే అది దారంలోకి వచ్చేసిందన్నమాట.

గోడవారగా ఆసు యంత్రం ఉంది, నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పేది. ఆలేరు దగ్గరి శారాజీపేట మల్లేశం తన తల్లి లక్ష్మమ్మ భుజాల నొప్పి చూడలేక తయారుచేసింది, ఆమె పేరే పెట్టాడు. అంతకుముందు ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆమె ఆ యంత్రం వైపు చూసి, “మా అత్తకు ఇది అందలే. ఆమె భుజాలు ఆసుకే అరిగినయ్” అన్నది.

అప్పుడు నోట్‌బుక్కు తీసి పేజీ చూపించాను.

ఆమె ముందు మామూలుగా చూసింది. తర్వాత రబ్బరు పట్టీ పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకొని, నోట్‌బుక్కు తీసుకుంది. ఎడమ బొటనవేలి మీది ఆ గీతను వేలితో తాకింది.

“ఏమయ్యా, ఇటు జూడు. అత్త గోరు.”

ఆయన కళ్లద్దాలు పెట్టుకొని వంగాడు. చిన్నప్పుడు తలుపుసందున పడి చీలిన గోరట. ఆఖరిదాకా రెండు చీలికలుగానే పెరిగిందట. “మా అమ్మకు ఫొటో లేదు సారూ” అన్నాడు. “ఆధార్ గిట్ల రాకముందే పోయింది. ఇది మా అమ్మ చెయ్యే.” కాసేపు ముగ్గురం ఏమీ మాట్లాడలేదు.

నేను పేజీ చింపి ఇవ్వబోయాను. ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. “చింపకు. పుస్తకంల ఉంటెనే ఉంటది. ఫోన్ల ఫొటో తీసి మా పిలగానికి పంపు, చాలు.” తీసి పంపాను.

ఆమె అన్నం పెట్టింది. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, పచ్చిమిరపకాయ తొక్కు. తింటుంటే ఆయనకు ఒక్కొక్కటే యాదికొచ్చింది. “నల్లగొండ నుంచి వచ్చిండు, మెడ తిప్పరాదు ఆయనకు. అవును. నాలుగొద్దులు ఈ అరుగు మీదనే పన్నడు. మా అమ్మ పన్జేస్తాంటె ఎదురంగ కూసునేటోడు. నా బొమ్మ తీస్తవా బిడ్డా అంటే, నీ చేతులే తీస్త అమ్మా అన్నడట. పైసలిస్తం అంటే తీస్కోలే. పోయేటప్పుడు…” అని ఆగి, లేచి వాకిట్లోకి నడిచాడు. “రా, చూపిస్త.”

తలుపుకు పైన పాత చెక్క దర్వాజా. ఎన్నోసార్లు పసుపు పూసి, మీద మీద రంగులు వేశారు. తోరణాల పాత దారాలు వేలాడుతున్నాయి. ఆయన తువ్వాలతో తుడిచి పక్కకు జరిగాడు. పసుపు పొరల కింద నుంచి, ఉబ్బెత్తుగా, ఎర్ర ఎనామిల్‌లో అక్షరాలు. ‘శ్రీ మార్కండేయ ప్రసన్న’.

కుర్చీ అడిగి ఎక్కాను. క్రావడి ఎడమ నుంచి లోతుగా తిరిగి, చివర గడ్డిపోచలా పైకి లేచింది. గోటితో మెల్లగా పసుపు తీశాను. కొసన చుక్క ఉంది.

“దిగుండ్రి సారూ, పడతరు” అన్నదామె కింద నుంచి.

“జర ఆగమ్మా, చూస్తున్న” అన్నాను.